కారు తాళానికి అంజనం

మా బావగారు కారు దిగాక వెనక్కి తిరిగి చూడరు. నడుస్తూనే కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టి రిమోట్ నొక్కుతారు. కారు కూత వేసిందా, లైట్లు వెలిగాయా అన్నది ఆయనకు పట్టదు. నొక్కాను కాబట్టి తాళం పడింది, అంతే. మామిడి సీజన్‌లో నూజివీడు మార్కెట్‌కు వచ్చే రైతుల్లో ఇలా నడిచేవాళ్లు ఆయనొక్కరే కాదు. కాయ దించిన చోట మనిషి లేకపోతే వేలం పాట తొందరగా కొట్టేస్తారని భయం. కాలు కారులో ఉండగానే మనసు రాశి దగ్గరికి వెళ్లిపోతుంది.

మొన్న మే నెలలో ఒక ఉదయం బంగినపల్లి కాయ ట్రాక్టర్‌లో ముందు వెళ్లింది. వెనకాల కారులో బావగారూ, ఆయన డ్రైవరూ వెళ్లారు. వెనక సీటు మీద చిన్న చేతిసంచి, అందులో మా అక్క బంగారు గాజులు ఉన్నాయి. వాటికి అతుకు ఊడింది. మార్కెట్ పని అయ్యాక కంసాలికి ఇచ్చి రమ్మని అక్క పంపింది. మార్కెట్‌లో బావగారు డ్రైవర్‌ను కాయ దించడానికి సాయం పంపి, కారుకు తన పద్ధతిలో తాళం వేసుకుని కమీషన్ కొట్టుకు వెళ్లారు. పాట ముగిశాక దూరం నుంచే రిమోట్ నొక్కి, వచ్చి తలుపు తీశారు. సంచి లేదు. అద్దం పగల్లేదు, తలుపు మీద గీత కూడా లేదు.

ఆయన అక్కడే, కమీషన్ కొట్టు ముందు, వచ్చేపోయేవాళ్లందరూ వింటుండగా డ్రైవర్ మీద అరిచారు. "తాళం నేనేశాను. రెండో తాళం నీ జేబులోనే ఉంది కదరా! ఇంకెవడు తీస్తాడు?"

ఆ డ్రైవరు పదేళ్లకు పైగా ఆ ఇంట్లో పని చేస్తున్నాడు. అక్కకు ఆపరేషన్ జరిగినప్పుడు ఆస్పత్రి వరండాలో పడుకున్నవాడు. అవన్నీ ఒక్క కేకతో కొట్టుకుపోయాయి.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. నేను బడిపంతులమ్మగా రిటైరై మైలవరంలో ఉంటున్నాను. బస్సెక్కి వెళ్లేసరికి ఇంట్లో ఇంకో ఏర్పాటు జరుగుతోంది. సాయంత్రం అంజనం వేసేవాడు వస్తాడట. తమలపాకు మీద కాటుక లాంటిది పూసి, అందులోకి చూసి, దొంగ ఎలా ఉంటాడో చెప్పడమే అంజనం. డ్రైవరు ఎదురుగా కూర్చోవాలని బావగారి షరతు. అతను వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను కూర్చోనండి," అన్నాడతను. "చర్చికెళ్లేవాణ్ణి. నాకు ఇలాంటివి వద్దండి. పోలీస్ స్టేషన్‌కి రమ్మంటే ఇప్పుడే వస్తాను."

"తప్పు చెయ్యనోడికి భయమెందుకంట?" అన్నారు బావగారు, నన్ను చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. కూర్చుంటే ఆకులో అతని ముఖమే కనిపిస్తుంది, ఎందుకంటే ఆకు చూసేవాడికి ముందే ఎవరి మీద అనుమానమో చెప్పి పిలిపించారు. కూర్చోకపోతే తప్పు ఒప్పుకున్నట్టు. ఎటు తిరిగినా దొంగే అయ్యేలా కట్టిన పరీక్షను పరీక్ష అనరు. అది శిక్ష, ముందే వేసేసింది. ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను. మా నాన్న నన్ను చర్చావేదికలకు తీసుకెళ్లి పెంచింది ఇందుకే. అక్కడ వాదనలో ఎంత గట్టిగా అరిచామన్నది లెక్కలోకి రాదు, ఏ ఆధారం తెచ్చామన్నదే చూస్తారు.

"బావగారూ, దొంగలు రిమోట్ తాళాలు తీసేస్తున్నారని ఫోన్‌లో వీడియోలు చూస్తారు కదా మీరు. అది ఎందుకు గుర్తు రాలేదు?"

"ఎందుకు రాలేదు, మరదలా? వచ్చింది. కమీషన్ కొట్టాయన్ని అడిగా. కొత్త కార్లకి కోడ్ నొక్కినప్పుడల్లా మారిపోద్దంట. ఎవడూ కాపీ కొట్టలేడంట. ఇక మిగిలింది వీడే కదా."

చూడండి విచిత్రం. అంజనాన్ని నమ్మే మనిషి సైన్స్‌ను కూడా నమ్మాడు, తనకు కావలసినంత ముక్క మేరకు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పాత రకం రిమోట్‌లు ప్రతిసారీ ఒకే సంకేతం పంపేవి. దాన్ని పట్టి దాచుకుంటే మళ్లీ వాడుకోవచ్చు. ఇప్పటివాటిలో సంకేతం మారుతూ ఉంటుంది కాబట్టి ఆ దొంగతనం చాలా కష్టం. కానీ తాళం తీయడం కష్టమైతే తాళం పడకుండా చేయవచ్చు. మనం నొక్కే సమయానికి దగ్గర్లో ఒకడు చిన్న పరికరంతో అడ్డు తరంగాలు పంపితే మన సంకేతం కారు దాకా చేరదు. మనం తాళం వేశామనుకుని వెళ్లిపోతాం. కారు తెరిచే ఉంటుంది. జేబులో తాళం ఉంటే చాలు, తాకగానే తెరుచుకునే కార్లకైతే ఇంకో మోసం ఉంది. ఇంట్లో ఉన్న తాళం సంకేతాన్ని ఇద్దరు కలిసి వాకిట్లో ఉన్న కారు దాకా మోసుకొస్తారు. బావగారిది బటన్ నొక్కే తాళం కాబట్టి ఆ మోసం ఇక్కడ కుదరదు. దొంగలు రిమోట్ తాళాలను ఓడించగలరా అంటే, ఓడించగలరు. అన్నిటినీ కాదు, ప్రతిసారీ కాదు. ఏ కారు, ఏ తాళం, ఎలా వేశారు అని అడగకుండా జవాబు చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

మార్కెట్‌లో ఎవరో అడ్డు తరంగాలు వాడి ఉంటారని నాకు గట్టిగా అనిపించింది. నా అభిప్రాయం కూడా పరీక్షకు నిలబడాలి కాబట్టి కారును వాకిట్లోకి తెప్పించాను.

"మార్కెట్‌లో ఎలా వేశారో అలాగే వెయ్యండి."

"నాటకమా?"

"అంజనం కంటే చవక. కానివ్వండి."

ఆయన విసుగ్గా దిగి, నాలుగడుగులు నడిచి, చెయ్యి వెనక్కి పెట్టి నొక్కారు. కారు పలకలేదు. వెళ్లి తలుపు లాగాను. తెరుచుకుంది.

బావగారి ముఖం మారింది. మళ్లీ నొక్కారు. ఈసారి కూత వేసింది. మరోసారి వేయలేదు. నా వాదన అప్పుడే కూలిపోయింది. ఈ వాకిట్లో అడ్డు తరంగాలు పంపే దొంగ ఎవడూ లేడు. డ్రైవర్ దగ్గరున్న రెండో తాళం అడిగి తీసుకుని నొక్కాను. ఎన్నిసార్లు నొక్కినా కూత, లైట్లు, తాళం. కారు బాగానే ఉంది. తేడా బావగారి తాళంలోనే ఉంది.

దాన్ని ఎండలో పట్టుకుని చూశాను. ప్రతి శుక్రవారం అక్క ఆ తాళాన్ని దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, గంధం అద్ది, బొట్టు పెడుతుంది. కారు కొన్నప్పటి నుంచీ తప్పలేదు. ఆ గంధం ఎండి, పసుపు చేరి, తాళం వేసే బటన్ చుట్టూ సందంతా గట్టిగా పట్టేసింది. బొటనవేలితో గట్టిగా అదిమితేనే లోపలికి దిగుతోంది. తాళం తీసే బటన్ కాస్త కిందుగా ఉంది, దానికేమీ కాలేదు. ఆ రోజు దూరం నుంచి తీసే బటన్ నొక్కి వచ్చారు కాబట్టి, అంతకుముందు తాళం అసలు పడిందో లేదో తెలిసే వీలే లేకపోయింది.

"నా పూజ వల్ల పోయాయంటావా గాజులు?" అంది అక్క.

"పూజ వల్ల కాదక్కా, గంధం వల్ల. దండం పెట్టుకో, ఎవరొద్దన్నారు? మిషన్‌కి మాత్రం పుయ్యకు."

"నీ నాలుక ఎప్పుడూ అంతేనే!"

బావగారు అంత తేలిగ్గా వదలలేదు. "సరే, తాళం పడలేదనుకో. ఆ తెరిచున్న కారులోంచి వీడే తీసుండొచ్చుగా? తియ్యలేదని రుజువేంటి?"

"రుజువు చూపించాల్సింది నింద వేసినవాళ్లు. అతను కాదు. తాళం రెండు చోట్లే ఉంది కాబట్టి ఇతనే అన్నారు. ఇప్పుడు కారుకు తాళమే పడలేదని తేలింది. మార్కెట్‌లో తిరిగిన ప్రతి మనిషికీ ఆ తలుపు తెరిచే ఉంది. మీకూ, కమీషన్ కొట్టాయనకీ, అందరికీ. ఇతని మీద మీ దగ్గర ఇంకేముంది? చెప్పండి, వింటాను."

ఆయనకంటే ముందు అక్క లేచింది. "ఆ అంజనమాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. గాజులు నావి. నేను చెప్తున్నా."

బావగారు ఫోన్ చేశారు. తరువాత డ్రైవర్ వైపు తిరిగి, "సర్లేరా, ఇక వదిలెయ్యి. పొద్దున్నే వచ్చెయ్," అన్నారు.

సమస్య తీరిందని నేనూ అనుకున్నాను. అతను కదల్లేదు. రెండో తాళం నా చేతిలో ఉంది. ఇవ్వబోతే తీసుకోలేదు.

"రానండి," అన్నాడు. "నన్ను దొంగన్నది ఇక్కడ కాదు కదండీ. మార్కెట్‌లో అందరి ముందూ అన్నారు. నిన్న సాయంత్రం ఆడుకోడానికెళ్లిన మా పిల్ల ఏడుస్తూ వచ్చిందండి. మీరు అక్కడ చెప్పకపోతే నాకు ఈ ఊళ్లో ఎవరూ బండి ఇవ్వరు. ఇల్లు ఎలా గడుస్తుందండి?"

"ఎక్కువ చేస్తున్నావ్," అన్నారు బావగారు.

"తక్కువే అడిగాడు," అన్నాను నేను. "అంత గట్టిగా అరిచినవాళ్లు ఇంత మెల్లగా సర్దుకుంటామంటే కుదరదు బావగారూ. నింద ఎక్కడ వేశామో అక్కడే తీసెయ్యాలి."

మర్నాడు ముందుగా స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. ఎవరు తీశారో తెలియదనే రాయించాను. గాజులు ఇప్పటికీ దొరకలేదు. దొరుకుతాయని నేను ఎవరికీ మాటివ్వలేదు కూడా. అక్కడి నుంచి మార్కెట్‌కు వెళ్లాం. రసాల లోడు వచ్చి ఉంది. కొట్టు ముందు చాలామంది పోగై ఉన్నారు. బావగారు గొంతు సవరించుకుని, నేల చూస్తూ, "మొన్న కారుకి తాళం పడలేదండీ. నా రిమోటే సరిగ్గా పనిచెయ్యలేదు. మావాణ్ణి అనవసరంగా అన్నాను," అన్నారు.

కొట్టాయన నవ్వాడు. "ఆ రోజే రిమోట్‌ని దొంగని ఉంటే సరిపోయేదండీ."

ఎవరో నవ్వారు, ఎవరో తలూపారు. బావగారు వెనక్కి తిరగబోయారు. డ్రైవరు ఆయన పక్కకు వచ్చి, మర్యాదగా, కానీ తొణకకుండా అన్నాడు.

"అవతల కాయ దించేవాళ్లకి వినపడలేదండీ. ఆ రోజు వాళ్లు కూడా విన్నారు."

బావగారు నా వైపు చూశారు. ఆయన భుజం మీది కండువా సర్దుకుని, ట్రాక్టర్ల వైపు తిరిగి, ఈసారి గట్టిగా చెప్పారు.