మూడు వాతలు

బస్సు జమ్మలమడుగు దాటినా నా మనసు పుట్టింట్లోనే ఉంది. ఆ రోజు బుధవారం. మూడున్నర నెలల నా కొడుక్కి నిమోనియా రాకుండా వేసే టీకా రెండో డోసు ఆ రోజే వేయించాలి. మొదటి సూదికి ఒళ్లు కాలిపోయి, తెల్లవార్లూ ఏడ్చాడు. మళ్లీ ఆ ఏడుపు వినలేక, ఊరి ఆశా వర్కరు అక్క పిలవడానికి వచ్చేలోపే అత్తగారి ఊరికి బయలుదేరాను. టీకా కార్డు సంచి అడుగున దాచాను. అయినా నిమిషానికోసారి వాడి నుదురు తడుముతూనే ఉన్నాను.

పక్క సీట్లోని ముసలామె అది చూసింది. "బిడ్డకు బాగల్యామ్మా?"

"బాగుండాడవ్వా. ఈపొద్దు సూది ఏపియ్యాల. భయమేసి ఎగ్గొట్టి వచ్చేస్తి."

ఆమె తిట్టలేదు. కొంగు పక్కకు జరిపి, రవిక కింద డొక్క చూపించింది. కడ్డీ కాల్చి పెట్టిన వాతలు మూడు, తోలు ముడుచుకుపోయి ఉన్నాయి.

"పసిబిడ్డప్పుడు నేను ఊపిరాడక డొక్కలెగరేస్తాంటే మా యమ్మ కాల్పిచ్చింది. బతికితి. నా పెద్దోనికీ అట్లే వస్తే నేనూ కాల్పిస్తి. వాడు బతకల్యా."

కొంగు సర్దుకుంది. "మాకు తెలిసింది అదే" అని కిటికీ వైపు తిరిగింది. బనగానపల్లెలో దిగిపోయింది.

శనివారం అత్తగారి ఊళ్లో సూది వేయించాను. ఆ రాత్రీ ఏడ్చాడు.

ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. నీళ్లు పోస్తుంటే ఒక్కచోట నిలవడు. సబ్బు రుద్దుతూ డొక్క దగ్గరికొచ్చేసరికి నా చేయి ఆగుతుంది.

"ఏముండాదమ్మా ఆడ?" అంటాడు.

"ఏం లేదు నాయనా."