గాలిగాడికి ఒక చోటు

దాలయ్యకి వారంలో మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలోనే గడిచిపోతాయి. నౌపడ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చేపలపల్లెలో అతనిది చివరి ఇల్లు. యాభై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు వేటకెళ్ళాడు. కిడ్నీలు రెండూ పాడయ్యాక మళ్ళీ వల ముట్టలేదు. భార్య అదే జబ్బుతో అంతకుముందే పోయింది. ఎడమచేతిలో నరాలు కలిపి కుట్టిన చోట తాడు ముడిలా ఉబ్బి ఉంటుంది. అక్కడే రెండు సూదులు గుచ్చి, నాలుగు గంటలసేపు మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు.

పక్క మంచం జగన్నాధానిది. ఉప్పుమళ్ళలో పనిచేసినవాడు. రెండేళ్ళపాటు పక్కపక్కన పడుకుని వాళ్ళు ఎక్కువగా మాట్లాడుకున్నది నీళ్ళ గురించే. రోజుకి రెండు గ్లాసులకి మించి తాగకూడదు. కుండలో నీళ్ళు ఎంత చల్లగా ఉండేవో, తాటిముంజెల్లో ఎంత రసం ఉండేదో ఒకరికొకరు చెప్పుకునేవారు.

మాఘమాసంలో జగన్నాధానికి ఆయాసం ఎక్కువై విశాఖ తీసుకెళ్ళమన్నారు. వెళ్ళేముందు దాలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే దాలిగా, మా ఇంటికాడ కుక్కపిల్లొకటుంది. నాలుగు రోజులు నీకాడ ఉంచరా. నానొచ్చి అట్టుకెల్తాను."

"నాకేటి తెలుసురా కుక్కల సంగతి?"

"ఇంత కూడెట్టు. అంతే."

దాలయ్య దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు గానీ, జగన్నాధం ప్రాణంతో తిరిగి రాలేదు. పదకొండో రోజు జగన్నాధం భార్య దేవి ఫోన్ చేసింది. "దాన్ని నాను సూడలేనన్నా. ఆయన పక్కలోనే తొంగునేది. ఎవులికైనా ఇచ్చీ. మంచోల్లకియ్యి," అంది.

నాలుగు నెలల మగకుక్క. గోధుమరంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉండేది. జగన్నాధం దానికి గాలిగాడని పేరు పెట్టాడు. అది నడవగా ఎవరూ చూడలేదు. తెల్లారితే ఇసుకలో పరుగు. ఎండేసిన చేపల మీద నుంచి పరుగు. వలలు బాగుచేసుకునేవాళ్ళ ఒళ్ళోకి దూకి, వల కొస పట్టుకుని లాక్కుపోయేది. ఆడవాళ్ళు రాళ్ళు విసిరారు. పెద్ద పడవ యజమాని గంగులు వాకిట్లోకొచ్చి, "మావా, మల్లీ నా వలకాడ కనిపించిందంటే సంపి సముద్రంలో పడేస్తాను," అని చెప్పి వెళ్ళాడు. ఊరికే అనే మనిషి కాదతను.

కట్టేస్తే ఏడ్చేది. తాడు కొరికేసేది. మిషను మీంచి దిగిన రోజు దాలయ్యకి గుమ్మం ఎక్కే ఓపిక కూడా ఉండేది కాదు. అది మాత్రం పొద్దుటినుంచీ దాచుకున్న బలమంతా పెట్టి మీదకి దూకేది. ఒక శుక్రవారం దాని గోరు ఎడమచేతి మీద గీసుకుంది. కండువా తడిసిపోయేంత రక్తం వచ్చింది. చాలాసేపు ఒత్తిపట్టుకుని కూర్చుంటేగానీ ఆగలేదు.

మంగళవారం కట్టు విప్పి చూసిన నర్సు హేమ ముఖం మాడిపోయింది.

"మావయ్యా, ఇంకొంచెం లోతుగా దిగుంటే ఆటో ఎక్కేలోపే పోయేవాడివి. దాన్ని బేగి ఒదిలించుకో."

"ఎక్కడ ఒగ్గీమంటావు తల్లీ? సచ్చిపోయినోడు నాకు అప్పసెప్పిన జీవం."

అయినా వెతకడం మొదలుపెట్టాడు. రొయ్యల చెరువు కాపలాకి కుక్క కావాలని హరిబాబు అంటే అతనికిచ్చాడు. నాలుగు రోజులాగి చూడ్డానికి వెళ్ళాడు. మోటారు పక్కన మూరెడు గొలుసుతో కట్టేసి ఉంది. మెడ చుట్టూ బొచ్చు ఊడి పుండు పడింది. ముందున్న గిన్నె ఎండిపోయి ఉంది. అతన్ని చూసి లేవలేదు, తోక మాత్రం నేలకేసి కొట్టింది. ఆ ఎండిన గిన్నె చూసి దాలయ్యకి తన రెండు గ్లాసులే గుర్తొచ్చాయి. గొలుసు విప్పి, మూడు మైళ్ళు దాన్ని భుజానేసుకుని, నాలుగుచోట్ల కూలబడి ఇంటికి తెచ్చుకున్నాడు.

పుండు మానగానే మళ్ళీ పరుగే. ఇంకో రెండిళ్ళు చూశాడు. ఒకరు మూడోనాటికే వెనక్కి పంపేశారు. ఇంకొకరు గుమ్మంలోంచే వద్దన్నారు.

చివరికి కూర్మమ్మ కనిపించింది. జీడితోటల్లో అరవై మేకలు తిప్పుకునే మనిషి. పొద్దున్న బయల్దేరితే సాయంత్రందాకా కూర్చోదు.

"ఇదేటి ఇంత ఎర్రిగా తిరుగుతోంది?" అంది.

"అదే దాని రోగం. నడవడం రాదు, పరుగే."

"నాకు కావలసిందీ అదే. గానీ మేకపిల్లని కరిస్తే మాత్రం ఉంచను. మూడు రోజులు నువ్వూ రా. లేకపోతే నా ఎనకాల రాదు."

మూడు రోజులు నడవడమంటే దాలయ్యకి చిన్న మాట కాదు. కాళ్ళు నీరు పట్టి బరువెక్కాయి. అడుగు తీసి అడుగేస్తుంటే గుండె దడదడలాడింది. రోజుకున్న రెండు గ్లాసులూ మధ్యాహ్నానికే అయిపోయేవి. జీడిచెట్ల నీడల్లో కూలబడుతూ, లేస్తూ మంద వెనక తిరిగాడు. మొదటిరోజు గాలిగాడు మేకల్ని చెదరగొట్టి కర్రదెబ్బ తిన్నాడు. రెండోరోజు ముసలి మేకపోతు కుమ్మేస్తే మూలిగాడు. మూడోరోజు దారితప్పిన మేకపిల్లని చుట్టుతిరిగి మందలోకి తోలుకొచ్చాడు. అలసిపోయి, నాలుక వేలాడేసుకుని కూర్మమ్మ కాళ్ళకాడ పడుకున్నాడు. అది అలసిపోవడం దాలయ్య చూసింది అదే మొదలు.

"ఇంక నువ్వెల్లు," అంది కూర్మమ్మ. "మల్లీ రాకు. నిన్ను సూసిందంటే నీ ఎనకే వచ్చేస్తాది."

"అప్పుడప్పుడైనా..."

"వద్దు. పేరు కూడా మార్చేస్తాను. నా కుక్కలన్నిటికీ రాజు అనే పేరు."

అతను తలూపి, అది నిద్రలేవకముందే జీడితోట దాటేశాడు. ఇంటికొచ్చి పడ్డవాడు తెల్లారేదాకా లేవలేదు. ఆ రోజు మంగళవారం, మిషను మీద బీపీ పడిపోయింది. హేమ తిట్టింది.

తర్వాత పది పన్నెండు వారాలకి ఆసుపత్రికి వెళ్తుంటే మేకలమంద అడ్డమొచ్చి ఆటో ఆగింది. మంద పక్కన గోధుమరంగు కుక్క. ఒళ్ళు చేసింది, రెండు చెవులూ నిలబడ్డాయి. దాలయ్య కండువా తలమీదుగా లాక్కుని, ముఖం మోకాళ్ళ మీద పెట్టుకుని, "ఏరా రాజూ, ఇటు!" అన్న కూర్మమ్మ కేక దూరమయ్యేదాకా అలాగే ఉన్నాడు.

ఆ రోజే మిషను మీద ఉండగా దేవి ఫోన్ చేసింది. అతను కుడిచేత్తో ఎత్తాడు.

"దానికి చోటు దొరికిందా అన్నా?"

"దొరికిందమ్మా. మంచి చోటే."

"తింటన్నాదా?"

"బాగా తింటన్నాది."



"గాలిగా అని పిలిస్తే పలుకుతాదా?"

"పలుకుతాదమ్మా," అన్నాడు దాలయ్య.

దేవి ఫోన్ పెట్టేసింది. జగన్నాధం మంచం మీద ఇప్పుడు పాతికేళ్ళవాడొకడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మిషను ఇంకా రెండు గంటలు చూపిస్తోంది. దాలయ్య ఫోను కడుపు మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.