సీటు కాపలా

మా ఇంట్లో కూర్చునే పని నాది. సింగపూర్ హాకర్ సెంటర్లలో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, భోజనాల వేళ ఖాళీ బల్ల దొరకడమే గగనం. దొరగ్గానే మా ఆయన, "నువ్వు కూర్చో, సీటు పోనీకుండా చూడు, మేం వెళ్లొస్తాం" అనేవారు. ఆయనా, మా అమ్మాయీ దుకాణాలన్నీ తిరిగి, నాకేం కావాలో కూడా వాళ్లే తేల్చి తెచ్చేవారు. మిగతా జనం బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి లేచి వెళ్తారు. దాన్ని అక్కడ చోప్ చేయడం అంటారు. ఇక ఆ బల్ల జోలికి ఎవరూ రారు. మాకు టిష్యూ దేనికి, నేనున్నాగా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మంచి జోరు మీదున్న రోజులవి. కంపెనీ పని మీద ఆయన్ని యూరప్‌లో ఒక పాత ఊరికి పంపారు. పని అయ్యాక సెలవు పెట్టి మమ్మల్నీ రప్పించుకున్నారు. కార్లు పట్టని సందులు, ప్రతి సందు చివరా రాళ్లు పరిచిన విశాలమైన జాగా, చుట్టూ వందల ఏళ్లనాటి మేడలు. మా గుంటూరు మాటలో చెప్పాలంటే సెంటర్లు. సంత సెంటరు, చర్చి సెంటరు, ఫౌంటెన్ సెంటరు. బయల్దేరే ముందే, సింగపూర్‌లో మేముండే యూ టీ పేటలో, మా వంటింటి గట్టు మీద మ్యాపు పరుచుకుని, పప్పు ఉడికేలోపు ఆ దారులన్నీ కంఠతా పట్టాను.

తీరా దిగిన రోజే ఆ రాళ్ల మీద మడమ బెణికింది. అంతే, మొదటి సెంటర్లో ఒక బెంచీ నాకు రాసిచ్చేశారు. రోజూ నన్నక్కడ కూర్చోబెట్టి వాళ్లు ఊరు చూసి వచ్చేవారు. ఫౌంటెన్ ఎంత బాగుందో అమ్మాయి చెబుతుంటే నాకు ఒళ్లు మండేది.

చివరి రోజు మధ్యాహ్నం మా రైలు. వాపు తగ్గింది, నడుస్తానన్నాను.

"ఇప్పుడెందుకే ఈ పంతం? నువ్విక్కడే కూర్చో. మేం చర్చి గోపురం ఎక్కి చిటికెలో వచ్చేస్తాం" అన్నారాయన.

"సిట్ లా, మమ్మీ. వెరీ ఫార్" అంది అమ్మాయి, అచ్చం సింగపూర్ వాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఈ ఊరికి మళ్లీ ఎవరు తీసుకొస్తారు నన్ను? ఇవాళ చూడకపోతే ఇక లేనట్టే. సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి బెంచీ మీద పెట్టి లేచాను.

గోడలు పట్టుకుని నడిచాను. సంత సెంటర్లో ఉల్లిపాయలమ్మే ఆవిడ నా నడక చూసి స్టూలు జరిపింది. వద్దని చేయి ఊపాను, కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం. చర్చి సెంటర్లో తలెత్తితే గోపురం మీద చీమల్లా మనుషులు. అందులో మావాళ్లూ ఉండే ఉంటారు.

ఫౌంటెన్ సెంటరు నేననుకున్నంత పెద్దదేం కాదు. ముక్కు విరిగిన రాతి సింహం నోట్లోంచి సన్నగా నీళ్లు. గట్టు మీద కూర్చుని ఆ చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టాను. నా కాళ్ల మీద నేను వచ్చానన్న సంతోషానికి కళ్లనీళ్లు తిరిగాయి.

కాసేపటికి ఇద్దరూ రొప్పుతూ వచ్చారు. ఆయన చేతిలో నా టిష్యూ ప్యాకెట్.

"ఏమైపోయావోనని ఊరంతా వెతికాం! చెప్పొద్దూ?"

"బెంచీ మీద పెట్టి వచ్చాగా."

"మమ్మీ చోప్ చేసింది లా!" అమ్మాయి పడీపడీ నవ్వింది.

"సరే, చూశావుగా. ఇక పద" అన్నారాయన.

"ఆ కమాను వెనక ఇంకొకటుంది, పాత ధాన్యం సెంటరు. మీరూ చూళ్లేదు. రైలుకింకా టైముంది." లేచి చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. "ఇద్దరూ ఇక్కడ కూర్చోండి. సీటు పోనీకుండా చూడండి. నేను వెళ్లొస్తాను."

కమాను దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆయన ప్యాకెట్ చేత్తో పట్టుకునే కూర్చున్నారు.