గరాజ్‌లో ఎముకల వార్డు

మా నాన్న ముప్పై ఏళ్ళకు పైగా ఒంగోలు వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో, ఎముకల వార్డులో కట్లు కట్టారు. డాక్టరు కాదు. డాక్టరు చూసి చెప్పాక విరిగిన చేతికో కాలికో పిండికట్టు వేసే మనిషి. చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉండడంతో ఆయన ఖాళీగా కూర్చున్న రోజు లేదు. ఆయన రిటైరైన మరుసటి ఏడాది అమ్మ మా చెల్లెలి పురిటికి బెంగుళూరులో ఉండిపోతే, నాన్న ఒక్కరే ఏప్రిల్‌లో అమెరికాకి, ట్రాయ్‌లోని మా ఇంటికి వచ్చారు. ఆరు నెలలు ఉండాలని.

మొదటి రెండు వారాల్లో ఇంట్లో ఉన్న ప్రతి తలుపు మర బిగించారు. మందుల పెట్టె తీసి, గడువు దాటిన మాత్రలన్నీ పారేశారు. ఆ తర్వాత చెయ్యడానికేమీ మిగల్లేదు. సాయంత్రాలు నడకకు వెళ్ళడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఆరింటికి వెళ్ళిన మనిషి ఏడున్నరైనా రాలేదు. ఫోన్ ఛార్జర్‌కే వేలాడుతోంది. కారు తీసి వీధులన్నీ తిరిగాను. పార్కు దాకా వెళ్ళొచ్చాను. చివరికి మా ఇంటి వాకిట్లో కారు దిగుతుంటే నాన్న దగ్గు వినిపించింది. పక్కింటి గరాజ్‌లో, మడత కుర్చీలో, టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ఆ గరాజ్ ముందునుంచి నేను రెండుసార్లు వెళ్ళాను.

ఆ పక్కింటాయన డెబ్బై దాటినవాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఒంటరిగా ఉంటాడు. కూతురు ఎక్కడో దూర రాష్ట్రంలో ఉంది. ఎండాకాలమంతా గరాజ్ తలుపు పైకెత్తి, లోపల ఒక పాత టీవీ, ఒక చిన్న ఫ్రిజ్ పెట్టుకుని బేస్‌బాల్ చూస్తాడు. ఎనిమిదేళ్ళ ఇరుగుపొరుగులో మేము మాట్లాడుకున్నదల్లా మంచు గురించి, చెత్తబండి ఏ రోజు వస్తుందన్న దాని గురించి.

“ఇదేం ఆటమ్మా?” అన్నారు నాన్న, నన్ను చూడగానే. “బయటికి కొడితే ఫౌల్ అంటున్నాడు. లోపలికి కొడితే పట్టుకుని అవుట్ అంటున్నాడు. మరి వాడు కొట్టాల్సిందెక్కడికి?”

పక్కింటాయన ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆయన పకపకా నవ్వి, “సరిగ్గా అదే మా జట్టు సమస్య. అది తెలిసినవాడు మా వాళ్ళలో ఒక్కడూ లేడు” అన్నాడు.

అలా మొదలైంది. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయనకు తెలుగు శూన్యం. ఆఫీసు నుంచి రాగానే నేను మూడో కుర్చీలో కూర్చుని ఇద్దరికీ అనువాదం చేయాలి. ఆట నాన్నకు పెద్దగా పట్టలేదు గానీ, తెర మీద గాయపడిన ఆటగాళ్ళ జాబితా వేసిన రోజున మాత్రం కళ్ళజోడు సవరించుకుని లేచి నిలబడ్డారు. మోచెయ్యి ఒకరికి, తొడ కండరం ఒకరికి, నడుం ఒకరికి. “చదువమ్మా, మెల్లగా చదువు” అన్నారు. పాత వార్డు రిజిస్టరు మళ్ళీ చేతికొచ్చినట్టు ఆయన మొహం వెలిగిపోయింది.

పక్కింటాయనకు ఆ ఏడాది జట్టు యాజమాన్యం మీద పెద్ద కోపం ఉండేది. నిరుడు అందరికంటే బాగా కొట్టినవాణ్ణి వదిలేసి, బంతి విసరడానికి మోచేతికి ఆపరేషన్ అయిన ముప్పై అయిదేళ్ళ పిచ్చర్‌ని తెచ్చుకున్నారని.

“ఫ్రీ ఏజెంట్, ఫ్రీ ఏజెంట్ అంటున్నాడు. అంటే ఏంది, బ్రోకరా?” అని నాన్న అడిగారు.

“కాదు నాన్నా. కాంట్రాక్ట్ అయిపోయిన ప్లేయర్. బెస్ట్ ఆఫర్ ఎవరిస్తే వాళ్ళ టీమ్‌లో జాయిన్ అవ్వొచ్చు.”

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. “అర్థమైంది. మన ఇంటర్ కాలేజీల్లో ఫిజిక్సు లెక్చరర్లు. ఈ కాలేజీ వాణ్ణి ఆ కాలేజీ వాడు లాక్కుపోయి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టిస్తాడే, అదీ.”

దాన్ని ఇంగ్లీషులో వివరించేసరికి ఒక ఇన్నింగ్స్ గడిచిపోయింది. పక్కింటాయన శ్రద్ధగా విని, “మరి ఆ లెక్చరర్లు అంత విలువ చేస్తారా?” అన్నాడు.

“మొదటి ఏడు బాగానే చెప్తారు. తర్వాత గొంతు పోద్ది.”

ఆయన ఎడమ చేత్తో తొడ చరుచుకున్నాడు. “పిచ్చర్ల మోచేతుల గురించి యాభై ఏళ్ళుగా నేను చెబుతున్నదీ అదే, డాక్!”

“నేను డాక్టర్ని కానని చెప్పమ్మా” అన్నారు నాన్న. చెప్పాను. అయినా ఆయనకు నాన్న ‘డాక్’గానే ఉండిపోయారు.

ఆటగాళ్ళ పేర్లు నాన్నకు నోరు తిరగలేదు. అందుకని తన సౌకర్యం కోసం ఆయనే పేర్లు పెట్టుకున్నారు. కొత్తగా తెచ్చిన పిచ్చర్ గడ్డమాయన. ఇంకొకడు సన్నోడు. ఈ సన్నోడు నిరుడు చివర్లో చిన్న జట్టు నుంచి వచ్చిన కుర్రాడు. అప్పుడు ఎవరికీ తెలియదు. ఈ ఏడాది ముట్టుకున్న బంతల్లా ప్రేక్షకుల్లో పడుతోంది. అందుకు కారణం వాడి కంటిచూపని పక్కింటాయన వాదన. మణికట్టని నాన్న వాదన. ఆ విషయం మీద వాళ్ళు మే నెలంతా పోట్లాడుకున్నారు.

నా అనువాదంలో నిజాయితీ లేదని ఇక్కడ ఒప్పుకోవాలి. నాన్న “ఈయనకి బొత్తిగా బుర్ర లేదు” అంటే, నేను “మీరు చెప్పింది ఆసక్తిగా ఉంది అంటున్నారు” అని చెప్పేదాన్ని. అటునుంచి వచ్చే బూతులకు కూడా ఇలాగే స్నానం చేయించి పంపేదాన్ని. ఒకరోజు నాన్న, “ఈయన కుడి చెయ్యి భుజం దాటి లేపడం లేదు. ఏమైందో అడుగు” అన్నారు. ఈ దేశంలో ఒకరి ఒంటి సంగతి ఇంకొకరు అడగరని ఆఫీసులో నాకు బాగా ఎక్కించారు. “ఈ వారం ఎండ బాగుంది అంటున్నారు” అని చెప్పాను. పక్కింటాయన ఆకాశం వైపు చూసి తలూపాడు. నాన్న నన్ను అనుమానంగా చూశారు.

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, సన్నోడు బలంగా బ్యాట్ తిప్పి, బంతి తగలగానే చెయ్యి విదిలించాడు. ఎడమ అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు, కుడి బొటనవేలితో నొక్కుకున్నాడు. నాన్న లేచి నిలబడ్డారు.

“అయిపోయింది. కొక్కెం ఎముక.”

“ఏమంటున్నాడు డాక్?”

అరచేతి మొదట్లో కొక్కెంలా వంగిన చిన్న ఎముక ఒకటి ఉంటుందని, సుత్తి పట్టే క్వారీ పనివాళ్ళకు సరిగ్గా అక్కడే విరుగుతుందని, నెలన్నర దాకా ఈ కుర్రాడు బ్యాట్ పట్టడని నాన్న చెప్పారు. ఈసారి ఉన్నదున్నట్టు అనువదించాను. టీవీలో మాత్రం చెయ్యి తిమ్మిరెక్కిందన్నారు. సాయంత్రానికి జట్టు వాళ్ళు ‘డే-టు-డే’ అని ప్రకటించారు.

“అంటే రేపో ఎల్లుండో వచ్చేస్తాడు” అన్నాడు పక్కింటాయన ధీమాగా.

“రాడు.”

“పందెం?”

నాన్న గెలిస్తే పక్కింటాయన ఆదివారం మా తెలుగు చర్చికి వచ్చి, పాస్టరుగారి ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినాలి. నాన్న ఓడిపోతే నిక్కరు వేసుకుని వీధి చివరిదాకా నడిచి రావాలి. నాన్న పంట్లాం లేకుండా గుమ్మం దాటినట్టు నా జ్ఞాపకంలో లేదు. ఆ మూడు రోజులూ ఆయన మామూలుకంటే ఎక్కువసేపు ప్రార్థన చేసుకున్నారు.

నాలుగో రోజు స్కానింగ్ ఫలితం వచ్చింది. కొక్కెం ఎముకే విరిగింది. ఆపరేషన్, ఆరు వారాలు. నాన్న గెలిచినందుకు ఎగిరి గంతేస్తారనుకున్నాను. “పాపం, చిన్నపిల్లోడు” అని కూర్చుండిపోయారు.

ఆదివారం పక్కింటాయన ఇస్త్రీ చొక్కాతో, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. పాస్టరుగారు ఆ రోజు విశేషమైన అభిషేకంలో ఉన్నారు కాబోలు, గంటా పది నిమిషాలు మాట్లాడారు. ఆయన కదలకుండా విన్నాడు. బయటికొచ్చి, స్కోరు సమమై పొడిగించిన ఆట గురించి అన్నట్టు, “ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్ళింది కదా” అన్నాడు.

భోజనాల దగ్గర పందెం కథ బయటపడింది. మా చర్చిలో పదిమంది ఇంజనీర్లు ఒక ఫాంటసీ లీగ్ నడుపుతుంటారు. నిజమైన ఆటగాళ్ళను పంచుకుని కాగితం మీద జట్లు కట్టుకుంటారు. ఆ ఆటగాళ్ళు మైదానంలో బాగా ఆడితే వీళ్ళకు పాయింట్లు. మావారు కూడా అందులో ఒకరు. బిర్యానీ ప్లేట్లతో అందరూ నాన్న చుట్టూ చేరారు.

“అంకుల్, నా షార్ట్‌స్టాప్ ప్లేయర్‌కి తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసిందంటున్నరు. ఉంచుకోమంటరా, డ్రాప్ చెయ్యమంటరా?” అని వరంగల్ అబ్బాయి.

“ఒక్కసారి ఈ వీడియో చూడండి అంకుల్, ఈయన కుంటుతున్నాడా, యాక్టింగా?” అని ఇంకొకరు.

ఆ వారం నుంచి నాన్న వాట్సాప్‌కు తెరిపి లేదు. ఎవరెవరివో మోకాళ్ళు, భుజాలు, చీలమండలు వచ్చి పడేవి. నాన్న భూతద్దం పెట్టుకుని చూసేవారు. చేత్తో పట్టుకుని చూడకుండా ఏమీ చెప్పలేనని మొదట్లో అనేవారు. వారం తిరిగేసరికి ఆ మాట అనడం మానేశారు. అక్కడే దెబ్బ తిన్నారు.

జులైలో గడ్డమాయన బంతి విసిరి మోచెయ్యి రెండుసార్లు దులుపుకున్నాడు. “పాత కుట్టు తెగింది. ఇక ఈ ఏడాదికి సెలవు” అని నాన్న తీర్పు చెప్పారు. పక్కింటాయన మాత్రం, “చెమటకి చొక్కా అంటుకుంది, అంతే” అన్నాడు. నాన్న మాట మీద మావారు తన కాగితం జట్టులోంచి గడ్డమాయన్ని వదిలేశారు. మరో ఇద్దరూ వదిలేశారు. వరంగల్ అబ్బాయి చప్పుడు చెయ్యకుండా ఏరుకున్నాడు. అయిదు రోజుల తర్వాత గడ్డమాయన అవతలి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ఆటంతా తనే బంతులు వేశాడు.

“పర్వాలేదు మావయ్యగారూ, ఇట్స్ జస్ట్ ఎ గేమ్” అన్నారు మావారు. ఆ మాట పళ్ళ మధ్య నుంచి వచ్చింది.

నాన్న గరాజ్‌కు వెళ్ళడం మానేశారు. మొదటి రోజు తలనొప్పన్నారు. రెండో రోజు మందుల పెట్టె మళ్ళీ సర్దారు. “ముప్పై ఏళ్ళు చేత్తో తడిమి చూసి, అప్పుడు కదమ్మా కట్టు కట్టాను. ఇక్కడ పేరొచ్చేసరికి ఫోన్‌లో చూసి చెప్పేశాను. బుద్ధొచ్చింది” అన్నారు మూడో రోజు.

ఆ సాయంత్రమే తలుపు కొట్టిన చప్పుడు. పక్కింటాయన. గెలిచినవాడు కాబట్టి ఎత్తిపొడవడానికి వచ్చాడనుకున్నాను.

“డాక్ లేకపోతే ఆట చప్పగా ఉంది. నాతో వాదించేవాడు లేడు” అన్నాడు. నాన్న లోపలి నుంచి వచ్చి, ఆయన మాట వినకుండా ఆయన భుజం వైపే చూస్తున్నారు. నా వైపు తిరిగారు.

“ఈసారి నేను అడిగిందే అడుగు. ఎండ సంగతి వద్దు.”

నాకు సిగ్గేసింది. అడిగాను. పక్కింటాయన ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకున్నాడు. చలికాలం ముందు చూరు కాలువలో ఆకులు తీస్తూ నిచ్చెన మీద నుంచి పడ్డాడట. అప్పటినుంచి ఆ చెయ్యి లేవదు. కూతురికి చెబితే ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమంటుందని చెప్పలేదు.

“డే-టు-డే” అని నవ్వబోయాడు.

నాన్న అనుమతి అడిగి, ఆయన మోచెయ్యి కింద చెయ్యి వేసి, చాలా మెల్లగా ఎత్తారు. ఒకచోట ఆగారు. అటూ ఇటూ తిప్పి చూశారు. అలా చూస్తున్నప్పుడు నాన్న మొహం నాకు చిన్నప్పటిలా కనిపించింది. సెలవుల్లో వార్డుకు క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు చూసిన మొహం అది.

“నాకు తెలిసినంతవరకు కీలు బిగుసుకుపోయింది. కానీ నేను డాక్టర్ని కాను. ముందు డాక్టరుకి చూపించుకోమను. తర్వాత వ్యాయామం నేను చేయిస్తాను.”

మర్నాడు అపాయింట్‌మెంట్ నేనే బుక్ చేశాను. ఆఫీసుకు సెలవు పెట్టి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. కోత అక్కర్లేదని, భుజం బిగుసుకుపోయిందని, కదిలిస్తూ ఉంటే మెల్లగా వదులుతుందని డాక్టరు చెప్పి, ఫిజియోథెరపీ రాసిచ్చింది. అక్కడ నేర్పిన వ్యాయామాలను ఇంటి దగ్గర ఎగ్గొట్టకుండా చేయించే పూచీ నాన్నది.

ఆ తర్వాత గరాజ్‌లో ఆట ఆగిన ప్రతిసారీ పక్కింటాయన గోడ ముందు నిలబడి, కుడిచేతి వేళ్ళను సాలీడులా గోడ మీద పైకి పాకించాలి. ఎంతవరకు పాకితే అక్కడ నాన్న పెన్సిల్‌తో గీత గీసేవారు. లెక్క తెలుగులోనే. “ఒకట్టి, రెండ్డు, మూడ్డు” అని ఆయన పళ్ళు బిగబట్టి చెప్పేవాడు. ‘ఏడు’ అన్నచోట నొప్పి ఎక్కువయ్యేది. ఆ అంకె మాత్రం ఆయన ఇప్పటికీ తిట్టులాగే పలుకుతాడు. ఆగస్టు చివర్లో కూతురికి తనే ఫోన్ చేసి చెప్పేశాడు. ఆ అమ్మాయి తిట్టాల్సినంతా తిట్టి, ఇల్లు అమ్మే మాట ఎత్తకుండానే ఫోన్ పెట్టేసిందట.

సన్నోడు ఆగస్టులో తిరిగొచ్చి, మొదటి రోజే మూడుసార్లు ఉత్తిపుణ్యానికి అవుటయ్యాడు. మణికట్టు ఇంకా కుదుటపడలేదని నాన్న, కళ్ళకు అలవాటు తప్పిందని పక్కింటాయన. జట్టు ఆఖరి పోటీల దాకా వెళ్ళలేదు. అక్టోబరులో నాన్న వెళ్ళిపోయారు.

చలికాలం ఆట లేకపోయినా ఫ్రీ ఏజెంట్ల బేరాలు నడుస్తూనే ఉంటాయి. ఇద్దరూ ఆదివారాలు వీడియో కాల్ పెట్టుకుంటున్నారు. నన్ను పిలవడం తగ్గింది. నాన్న ఇంగ్లీషు బాగుపడిందో, పక్కింటాయన చెవి బాగుపడిందో నాకు తెలియదు. జనవరిలో జట్టు వాళ్ళు నడుం నొప్పి చరిత్ర ఉన్న ముప్పై ఆరేళ్ళ బ్యాటర్‌కు మూడేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు. అది తప్పని మొట్టమొదటిసారి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మాట్లాడుకోవడానికి ఏమీ లేక నాలుగు నిమిషాల్లో ఫోన్ పెట్టేశారట.

మర్నాడు పొద్దున్న నేను వాకిట్లో మంచు తీస్తుంటే పక్కింటాయన పార ఊపుతూ వచ్చాడు. రాత్రంతా ఆలోచించాడట. ఆ బ్యాటర్‌ని తీసుకోవడం చాలా మంచి పనని ఇప్పుడు తన అభిప్రాయమట. డాక్‌కి వెంటనే చెప్పాలి, ఇప్పుడు అక్కడ టైమెంత అని అడిగాడు.