అడగనివాళ్ల కోసం

లింగంపల్లి దర్జీ నీలమ్మ కూతురు ఆమనికి కోకాపేటలో ఉద్యోగం. సెలవు రోజుల్లో, కంప్యూటర్లను నడిపే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఔత్సాహికులతో పని. అమ్మ పాత ల్యాప్‌టాప్ నడిచేదీ దానిమీదే. ఆ ఆదివారం వీడియో సమావేశం వేడెక్కింది. మెమరీ నిండితే అందులోని సమాచారాన్ని నెమ్మదైన డిస్కులోకి నెట్టి కంప్యూటర్ మొరాయించేలా చేయకుండా, అక్కడే కుదించి సర్దే పద్ధతిని అందరికీ ముందే పెట్టి ఇవ్వాలా?

"కావలసినవాళ్లే పెట్టుకుంటారు లెండి," అన్నాడు జట్టులోని శ్యామ్.

ఆమనికి ఒళ్లు మండింది. "అవసరమున్నోళ్లకే అది ఎట్ల పెట్టుకోవాల్నో తెల్వదు, శ్యామ్‌గారూ!"

తెరమీద ఒక్కొక్కటిగా అందరి చేతులూ సరేనంటూ లేచాయి. ఆమని గంతులేసుకుంటూ కుట్టుమిషన్ దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా! బ్లౌజు డిజైన్లు ఎన్ని తెరిచినా నీ పాత ల్యాప్‌టాప్ ఇగ ఆగిపోదే!"

నీలమ్మ మిషన్ ఆపింది. "అంటే అది ఆగిపోవుడు నా తప్పు కాదా? నాకే చేతగాదనుకున్ననే ఇన్నేండ్లు!"