మోకాలి లోతు మాస్టారు

ఒమాన్‌లోని రుసైల్ ఫ్యాక్టరీల మధ్య గంగాధరరావు మాస్టారిని ఎరిగినవాళ్లందరికీ ఆయన గురించి ఒక్క సంగతి తెలుసు. ఏ కోర్సయినా సరే, పాఠం ఎంత లోతుగా చెప్పారో ఇంగ్లీషులో ఒక్క ముక్కలో రాయమంటే, ఆయన ఆ ముక్కను కంసాలి బంగారం తూచినట్టు తూస్తారు. గురివింద గింజంత ఎక్కువ తూగే మాట అడిగితే ప్రాణం పోయినా ఇవ్వరు.

కూలీలకు సేఫ్టీ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన ట్రైనరు. ఆయన పాఠం విన్నవాళ్లకు కార్డులు ప్రింటు చేయడం అబిగైల్ పని. కార్డు మీద ఫొటో, పేరు, తేదీ ఉంటాయి. వాటి కింద ఆ కోర్సు ఏపాటిదో చెప్పే మాట ఒకటి ఉంటుంది. నాలుగేళ్లుగా అబిగైల్‌కు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ ఒక్క మాటే.

మాస్టారిది కోనసీమలో లంక గ్రామం. చిన్నప్పుడు గోదావరి పాయ దాటి బడికెళ్లిన మనిషి. అందుకని ఇంగ్లీషు మాటలన్నిటినీ ఆ పాయలోనే ముంచి కొలుస్తారు.

"అవేర్‌నెస్ అంటే చీలమండ తడిసిందమ్మాయ్. బేసిక్ అంటే మోకాలి లోతు. ఇన్-డెప్త్ అంటే పీకల్లోతు. కాంప్రహెన్సివ్ అంటే పాయ ఈదేసి అవతలి గట్టున పంచె పిండుకుంటున్నాడన్నమాట."

"మరి ఎగ్జాస్టివ్, మాస్టారూ?"

"అది దేవుడు చెప్పే కోర్సు. మన టైంటేబుల్లో పట్టదు."

ఈ జబ్బు ఉద్యోగంతో ఆగలేదు. ఒకసారి మత్రా సూక్ బజారులో 'ముప్పై రోజుల్లో కంప్లీట్ అరబిక్' అనే పుస్తకం కొన్నారు. ముప్పై రోజులూ నిష్ఠగా చదివారు. ముప్పై ఒకటో రోజు పుస్తకం పట్టుకుని అదే కొట్టుకు వెళ్లి, అట్ట మీద 'కంప్లీట్' కొట్టేసి 'ఇంట్రడక్టరీ' అని రాయమన్నారు. కొట్టువాడికి ఒళ్లు మండి అరబ్బీలో అందుకున్నాడు. మాస్టారు తలవంచుకుని అంతా విని, పుస్తకం తిరగేసి, వెలిగిపోతున్న ముఖంతో అన్నారు: "చూశావా? నువ్వు తిట్టినదాంట్లో ఒక్క తిట్టూ పుస్తకంలో లేదు!"

భార్య సూర్యకుమారి గారు ఇంటర్నెట్‌లో కేకుల 'మాస్టర్‌క్లాస్' నేర్చుకుని మొదటి కేకు పెట్టినరోజు, ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. ఆవిడ ఆశగా చూసింది. "ఓవర్‌వ్యూ" అన్నారాయన. రెండురోజులు ఆ ఇంట్లో కాఫీ కాగలేదు.

ఆయనకు 'మోకాలి లోతు మాస్టారు' అని పేరు పెట్టింది మేనేజర్ ప్రీతమ్. హైదరాబాద్ మనిషి. నోరు తియ్యన, చెయ్యి చేదు. ఇన్‌స్టిట్యూట్ బ్రోషర్‌లో అతను ప్రతి కోర్సుకీ 'కాంప్రహెన్సివ్' అని రాస్తే, మాస్టారు ఎర్ర పెన్నుతో దిద్దేవారు. నిచ్చెన ఎక్కడం మీద గంటన్నర కోర్సుకు 'ఎ క్విక్ లుక్' అని రాశారు. ఆ నెల ఆ కోర్సుకు ఒక్క మనిషీ రాలేదు.

"మీరు సేఫ్టీ చెప్తున్నరా, వ్యాపారానికి సమాధి కడుతున్నరా?" అని ప్రీతమ్ కేకలు వేస్తుంటే, అబిగైల్ కంప్యూటరు వెనక తల దాచుకునేది.

అబిగైల్‌కు అన్నిటికీ భయమే. ఫోను మోగితే భయం, మోగకపోతే ఎందుకు మోగలేదా అని భయం. నరసాపురం నుంచి వచ్చిన కొత్తలో మూడు నెలలు లిఫ్టు ఎక్కలేదు. భర్త ఫెలిక్స్ రుస్తాఖ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు, వారానికోసారి వస్తాడు. మిగతా ఆరు రోజులూ తనకూ తన భయాలకూ సరిపోయేది. ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద భయం బతాకా గురించి. ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కార్డుకు ఇంక ఇరవై రోజులే గడువుంది. రెన్యువల్ ఫైలు ప్రీతమ్ బల్ల మీద ఉంది.

జూన్‌లో ఒక మంగళవారం ప్రీతమ్ ఆమెను లోపలికి పిలిచాడు.

"పన్నెండుమంది వస్తున్నరు. ఆదివారం పొద్దున ఒక ఫ్యాక్టరీల మురుగు ట్యాంకు కడిగే డ్యూటీ. రేపు రెండు గంటల క్లాసు. గురువారం మధ్యాహ్నం కల్లా కార్డులు పోవాలె. ఏం రాస్తవ్?"

"మాస్టారు ఏది చెబితే అది, సార్."

"కాంప్రహెన్సివ్ అని రాస్తవ్."

ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక రూలుందని అబిగైల్‌కు తెలుసు. కార్డు మీద ఆ మాట ఉన్నవాణ్ణే ట్యాంకులోకి దిగనిస్తారు. 'అవేర్‌నెస్' కార్డువాడు బయట నిలబడి తాడు అందించాల్సిందే. ఆ మాట రావాలంటే కోర్సు నాలుగు రోజులు.

"సార్, రెండు గంటలకి..."

"నాలుగు రోజులు ఎక్కడున్నయి? ఆదివారం మనుషులు దిగకపోతే ఆ కాంట్రాక్టరు మళ్ల మన మొఖం చూడడు. మా ఓనరు అర్బాబ్ నా మొఖం చూడడు. ముసలాయన సంతకం కంప్యూటర్లనే ఉంది గదా? ఒక్క మాట మార్చు, ఖల్లాస్." ప్రీతమ్ బల్ల మీది ఫైలును వేలితో ఇంత ఇటు జరిపాడు. "అన్నట్టు, నీ రెన్యువల్ కూడా గురువారమే చూస్త."

ఆ రాత్రి ఆమె ఫెలిక్స్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. అతను చాలాసేపు విని, "ప్రార్థన చేసుకో అబీ. టైపు మాత్రం కళ్లు తెరుచుకుని చెయ్యి" అన్నాడు.

బుధవారం క్లాసుకు పన్నెండుమంది వచ్చారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు, సగం మంది కూర్చునే నిద్రపోతున్నారు. వాళ్లకు మేస్త్రీ లాంటివాడు రామాంజనేయులు, అనంతపురం వైపు మనిషి. అతనొక్కడు మాత్రం మాస్టారి నోటినే చూస్తున్నాడు. మాస్టారు అబిగైల్‌ను కూడా వెనక బెంచీలో కూర్చోబెట్టారు. "నువ్వే కదమ్మాయ్ రాసేది. నువ్వూ విను."

రెండు గంటల్లో చెప్పగలిగినంతా చెప్పి, చివర్న మాస్టారు అడిగారు.

"రామాంజనేయులూ! ట్యాంకులో కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఏం చేస్తావ్?"

"విషవాయువు సార్. ఎంటనే పైకొచ్చేస్తా."

"భేష్. దిగావు, వాసన వచ్చింది, కాసేపటికి ఆ వాసన పోయింది. అప్పుడు?"

రామాంజనేయులు హాయిగా నవ్వాడు. "పోతే ఇంకేముండాది సార్! నిమ్మళంగా పని చేసుకుంటా."

మాస్టారు నవ్వలేదు. "ఆ వాయువు ఎక్కువైతే ముందు చంపేది ముక్కునే నాయనా. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు. నీ ముక్కు చచ్చిందని. తరవాత వంతు నీది."

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. అబిగైల్ రామాంజనేయులు వైపు చూసింది. ఆదివారం ఆ నవ్వే ముఖంతోనే ఇతను దిగేవాడు!

క్లాసయ్యాక ఆమె మాస్టారి దగ్గర ఉన్నదంతా కక్కేసింది. ప్రీతమ్ మాట, ఫైలు, ఇరవై రోజులు, అన్నీ. ఆయన తిట్టలేదు. "రా" అని వెనక షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడొక పాత ఇనుప ట్యాంకు. శుభ్రంగా కడిగి, దిగడం ప్రాక్టీసు చేయించడానికి పెట్టింది.

"దిగు."

"నేనా? లిఫ్టే ఎక్కను మాస్టారూ!"

"ఆ మాట టైపు చేసే వేలు ఒకసారి దిగి చూడాలి. వద్దంటే మానెయ్, బలవంతం లేదు. తాడు నా చేతిలో ఉంటుంది. ఒక్క నిమిషం."

మీటరు దించి లోపల గాలి చూశారు. మళ్లీ చూశారు. నడుముకు బెల్టు కట్టి, ముడి మూడుసార్లు లాగి చూశారు. అబిగైల్ తొమ్మిది మెట్లు దిగింది. లోపల కాళ్లు ఆనగానే ఎండకు కాలిన ఇనుము నాలుగువైపుల నుంచీ మీదికొచ్చింది. పైన ఆకాశం అప్పడమంత ఉంది. తన ఊపిరే ఎవరిదో వెనక నిలబడి తీస్తున్నట్టు వినిపించింది. బుద్ధెరిగిననాటి నుంచీ కంఠతా వచ్చిన బైబిల్లోని ఇరవై మూడో కీర్తన సగంలో ఆగిపోయింది. తరవాతి మాటేమిటో గుర్తు రాలేదు.

"మాస్టారూ!"

"ఉన్నానమ్మాయ్."

"నిమిషం అయిందా?"

"ఇరవై సెకన్లు."

పైకి వచ్చేసరికి చెమటకు చున్నీ తడిసి ముద్దయింది. ఆయన మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"నేను ఇంకో ఊళ్లో పనిచేసేటప్పుడు, పూటలో ముగించిన క్లాసుకి 'కాంప్రహెన్సివ్' అని రాశాను. అప్పట్లో ఆ మాట నాకు భలే ముద్దుగా ఉండేది. ఒకడు దిగాడు, తిరిగి రాలేదు. ఎంక్వైరీలో మొదట తీసిన కాగితం ఏమిటో తెలుసా? నా కార్డే. మనిషికి కాంప్రహెన్సివ్‌గా నేర్పాం, అయినా అజాగ్రత్తగా పోయాడు, తప్పు అతనిదే అని రాసుకున్నారు. మీటరు ఇవ్వనివాడి తప్పు లేదు, కాపలా మనిషిని పెట్టనివాడి తప్పు లేదు. పెద్ద మాట మనది, నేరం చచ్చినవాడిది." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "అందుకే నా దగ్గర మాటలు తక్కువ. అవేర్‌నెస్ అని రాస్తే వాణ్ణి గేటు దగ్గరే ఆపుతారు. ఆపకుండా దింపితే, దింపినవాడు జవాబు చెప్పాలి. నన్ను పిసినారి అనుకోనీ."

కళ్లజోడు పెట్టుకుని అన్నారు. "నీ బతాకాకి నేను హామీ ఇవ్వలేను. సంతకం మాత్రం నాది. ఎవరడిగినా నేనే రాయమన్నానని చెప్పు."

గురువారం పదకొండు గంటలకు అబిగైల్ వేళ్లు కీబోర్డు మీద పెట్టింది. 'అవేర్‌నెస్' అనే మాటను నాలుగుసార్లు తప్పు కొట్టింది. ఐదోసారి సరిగ్గా కొట్టి, మాస్టారు కూడా రాయమనని ఇంకో వాక్యం కింద చేర్చింది: ఈ మనిషికి ట్యాంకులోకి దిగడం నేర్పలేదు. పన్నెండు కార్డులూ ఫ్యాక్టరీకి పంపించి, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

బయటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. ప్రీతమ్ ఎత్తాడు. వింటూ వింటూ పసుపు రంగుకు తిరిగి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ మేడమ్. నీకే. నన్నయితే ముంచినవ్."

అవతల సఫూరా అనే ఒమానీ ఆవిడ. గొంతు కటువుగా ఉంది. "కింది వాక్యం రాసింది నువ్వేనా?"

అబిగైల్‌కు మాస్టారు నేర్పిన జవాబు గుర్తుంది. ఆయన పేరు చెప్పేస్తే అయిపోతుంది. "నేనే మేడమ్" అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"ఈ ఏడాది నా గేటుకు వేరే చోట్ల నుంచి ఆరొందల కార్డులు వచ్చాయి. ఆరొందలూ కాంప్రహెన్సివే. ఈ దేశంలో ఏమీ రానివాడు ఒక్కడూ లేడా అనుకుంటున్నాను. ఇవాళ పన్నెండుమంది దొరికారు." కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఆదివారం ట్యాంకు తెరవను. వాళ్లకు నాలుగు రోజుల కోర్సు ఎప్పుడు మొదలుపెడతారు?"

ఫోను పెట్టేసిన నిమిషానికి ప్రీతమ్ హాల్లో అందరికీ వినపడేలా చెబుతున్నాడు. "నేను ముందే చెప్పిన గదా, క్వాలిటీల కాంప్రమైజ్ వద్దని?" అబిగైల్ ఫైలు మాత్రం అతని బల్ల మీదే ఉంది. ఆమె భయం కూడా ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇప్పుడు అది లేచి నడవగలుగుతోంది. సాయంత్రం తనే అతని గదిలోకి వెళ్లి ఎదురుగా నిలబడింది, "సంతకం పెట్టేదాకా ఇక్కడే ఉంటాను సార్" అంది. పెట్టించుకునే వచ్చింది.

నాలుగు రోజుల కోర్సు ఆదివారం మొదలైంది. మాస్టారు వాళ్లను కాల్చుకు తిన్నారు. అడిగిందే అడిగారు, కట్టిన ముడే విప్పించి మళ్లీ కట్టించారు. "పెండ్లి చూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు సార్" అని రామాంజనేయులు మొత్తుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం, ఆఖరి పరీక్ష. పన్నెండుమందీ షెడ్డు వెనక నిలబడ్డారు. అబిగైల్ కార్డుల కాగితం పట్టుకుని నిలబడింది. ఆ ఒక్క మాటకూ జాగా ఖాళీ. మాస్టారు గడియారం చూసుకుని, "ఆలస్యమైంది, నేను దిగి చూపిస్తా, అందరూ చూడండి" అంటూ గబగబా ట్యాంకు మెట్టు మీద కాలు పెట్టారు.

మరుక్షణం ఆయన కాలరు వెనక నుంచి బిగుసుకుంది. ఒక్క గుంజు. మాస్టారు ఇసుకలో చతికిలబడ్డారు. చొక్కా బొత్తాం తెగి ఎగిరిపోయింది.

"ఏంది సార్ మీరు!" రామాంజనేయులు అరుస్తున్నాడు. "మీటరేసి సూడకుండా, బెల్టు లేకుండా దిగుతాండారా? మాకైతే నాలుగు దినాలు సెప్తిరి! పెద్దోళ్లయితే గాలి ఇడిసిపెడతాదా?"

మేస్త్రీ పని మటాష్ అనుకున్నారు పదకొండుమందీ. మాస్టారు ఇసుకలో కూర్చునే ఉన్నారు. ఆయన కళ్లజోడు ఒక చెవికే వేలాడుతోంది. ముఖం మాత్రం మొదటి మనవణ్ణి ఎత్తుకున్న తాతలా ఉంది.

"అమ్మాయ్" అన్నారు. "రాయి."

"ఏం రాయమంటారు మాస్టారూ?"

"కాంప్రహెన్సివ్."

నాలుగేళ్లలో ఆయన ఆ మాట ఒకరికి ఇవ్వడం ఆమె చూడడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి పట్టుకుని లేపుతూ, రామాంజనేయులు ఇంకా కోపంగానే అడిగాడు.

"అంటే ఏంది సార్, ఆ మాట?"

"అంటే, తప్పు చేస్తుంటే మాస్టారినైనా సరే చొక్కా పట్టుకుని లాగేస్తాడని."

రామాంజనేయులు ఆయన చొక్కా మీది ఇసుక దులిపాడు. "ఈ మాత్రానికి నాలుగు దినాలు ఎండలో నిలబెడితిరా సార్?" అన్నాడు. "అడిగింటే మొదటి దినమే లాగేసింటి కదా!"