మూడో మడత

ఊళ్లు తిరగడం తప్ప వేరే పని చేతకాని నాకు ఒక్క సంగతి బాగా తెలుసు. దేశం మారితే భాష మారుతుంది, తిండి మారుతుంది, పరాయివాళ్ల కాగితాలు చూసే ఆఫీసులో బెంచీ మాత్రం మారదు. ఎక్కడైనా అదే నడుంనొప్పి. పూర్వం కోటగుమ్మం దగ్గర మనిషిని ఆపి "ఎవరు నువ్వు?" అని అడిగేవారట. ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్ననీ ముప్పై ఆరు గడులుగా కోసి అచ్చు వేశారు. అదీ మనం సాధించిన నాగరికత.

అలాంటి ఆఫీసు ఒకదానికి ఎదురుగా, జిరాక్సు కొట్టు మెట్ల పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు గడుల మాస్టారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. భర్తనో భార్యనో వేరే దేశం నుంచి తెచ్చుకోవాలనుకునేవాళ్లకి ఫారాలు నింపడం ఆయన పని. నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొమ్ము కూడా గడి దాటేది కాదు.

ఆయన భార్యా అలా రావలసిన మనిషే. నాలుగేళ్లు ఆమె దేశంలో ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేశాడు. అక్కడి దుప్పట్లు ఒక్కరి చేతికి లొంగేవి కావు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరి రెండు కొసలూ పట్టుకోవాలి. నిలువునా రెండు మడతలు. మూడో మడతకి ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడిచి అంచులు కలపాలి. అప్పుడు చేతులు తగులుతాయి. మొదటిరోజు ఈయన అంచులు వంకర పోతుంటే అవతలి కొసలు పట్టుకున్న ఆమె కసిరిందట, "అంచు చూడు, నా మొహం కాదు" అని. ఏడాదికి పెళ్లయింది. పనిగడువు తీరి ఈయన వెనక్కి వచ్చేశాడు. ఇక్కడ మూడేళ్లు ఇల్లు మారకుండా ఉన్నట్టు రుజువు చూపిస్తే గాని భార్య కోసం దరఖాస్తు పెట్టనివ్వరు. ఆ మూడేళ్లూ ఇతరుల భార్యల్ని రప్పిస్తూ గడిపాడు.

ఫారంలో అందరికీ అడ్డం పడేది పందొమ్మిదో గడి. "మీరిద్దరూ ఎలా కలిశారు? సొంత మాటల్లో రాయండి." ఒకరోజు ఒక వెల్డరు వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏం రాయమంటావు?" అన్నాడు మాస్టారు.

"కలిశాం, నచ్చింది, చేసుకున్నాం. ఇంకేముంటుంది మాస్టారూ?"

"పోయినసారి అలా రాస్తేనేగా తిప్పికొట్టారు!"

"మరి లేనిది ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? పెళ్లాన్ని ప్రేమించమంటే ప్రేమిస్తాను గాని, వ్యాసం రాయమంటే ఎలా?"

మాస్టారు కాసేపు కలం మూత నమిలాడు. తర్వాత దుప్పటి సంగతి రాసేశాడు, కసురుడుతో సహా. ఆరు వారాల్లో వెల్డరు భార్యకి అనుమతి వచ్చింది. ఇక ఆగుతుందా? డ్రైవరుకి అది కారు మీద కప్పే గుడ్డ అయింది. హోటలు వంటమనిషికి బల్ల మీద పరిచే బట్ట అయింది. కుట్టుపని చేసే అమ్మాయికి కర్టెన్ అయింది. వాళ్ల పెళ్లిళ్లేమీ దొంగవి కావు, చెప్పుకోవడానికి మాటల్లేని పెళ్లిళ్లు, అంతే. లోకంలో ఎక్కువ పెళ్లిళ్లు అలాంటివేనని నా అనుమానం.

"ఎందుకయ్యా నీదంతా పంచిపెడతావు?" అని అడిగాను.

"చెబితే తరిగిపోతుందా బాబాయ్?" అని నవ్వాడు.

ఆయన వంతు వచ్చింది. సాక్షిగా నన్ను తీసుకెళ్లాడు. అధికారిణి మర్యాదస్తురాలు. మాకు మంచినీళ్లు ఇప్పించి, బల్ల మీద కాగితాలు వరసగా పరిచింది.

"పద్నాలుగు ఫైళ్లండీ. పద్నాలుగింటిలోనూ చేతులు మూడో మడతకే కలిశాయి. మీది పదిహేనోది. అన్నీ మీ చేతిరాతే."

మాస్టారు ముందుకి వంగి తన అక్షరాలే చూసుకున్నాడు.

"ఇది మీ రాతలో అలంకారమైతే తప్పు మీది. ఆ ఫైళ్ల జోలికి నేను వెళ్లను. నిజంగా జరిగిన సంగతైతే మాత్రం, జరిగింది ఒక్కరికే. మిగతావాళ్లంతా అబద్ధం చెప్పినట్టు. ఆ అనుమతులు తిరగదోడాలి."

"అందులో కొందరికి పిల్లలు కూడా పుట్టారమ్మా."

"నేనడిగింది అది కాదండీ."

ఆయన నావైపు చూశాడు. నేను గడియారం వైపు చూశాను. ఇప్పటికీ అది నాకు ముల్లే.

"అలంకారమేనమ్మా," అన్నాడు. "ఎవరికీ జరగలేదు."

"మీకూ జరగలేదు?"

"లేదు."

అదే వాక్యం రాయించి సంతకం పెట్టించుకుంది. దరఖాస్తు వెనక్కి వచ్చింది. ముప్పై రోజుల గడువు. ఈసారి పందొమ్మిదో గడి భార్య తన చేత్తో రాయాలి, భర్త మాటకి సరిపోవాలి.

జిరాక్సు కొట్టు మెట్ల మీదనుంచే ఫోను చేశాడు. ఆయనకి ఒక చెవి మందం, అందుకని స్పీకరు పెడతాడు. దుప్పటి మడతల మధ్య నేర్చుకున్న తెలుగు ఆమెది.

"దుప్పటి గురించి రాయకు," అని జరిగినదంతా చెప్పాడు.

"ఎంతమందికి ఇచ్చావు?"

"పద్నాలుగు."

"నేను తిట్టింది కూడానా?"

మాస్టారు కలం మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"మరి మనం ఎక్కడ కలిశాం? చెప్పు. నువ్వే కదా రాసేవాడివి."

"బస్టాపులో అని రాయి. నువ్వు దారి అడిగావు..."

"మా ఊళ్లో నేను నిన్ను దారి అడిగానా?"

"పోనీ నేనే అడిగాను."

"సరే," అని పెట్టేసింది. అంత పొడి 'సరే' నేను ఏ దేశంలోనూ వినలేదు.

అబద్ధం చక్కగా సరిపోయింది. నెల తిరక్కుండా అనుమతి వచ్చింది, ఆమె వచ్చింది. నాలుగోరోజున వెల్డరు దంపతులు పలకరించడానికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. వెల్డరు భార్య కలుపుగోలు మనిషి.

"మీరెలా కలిశారక్కా? మేమైతే దుప్పటి మడతపెడుతూ కలిశాం. మూడో మడతకి..." అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన ముక్క, చెప్పగా చెప్పగా ఆమెకే నిజమైపోయింది. కళ్లు మెరుస్తున్నాయి. వెల్డరు తల వంచుకుని బిస్కెట్టు తుంచుతున్నాడు.

"బావుంది," అంది మాస్టారి భార్య. "మేము బస్టాపులో. ఈయన దారి అడిగారు."

వాళ్లు వెళ్లాక ఆమె డాబా మీదికి వెళ్లి ఆరిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. వెనకాలే మేమూ ఎక్కాం. తీగ మీద చివరికి పెద్ద దుప్పటి మిగిలింది. మాస్టారు వెళ్లి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచాడు.

ఆమె దుప్పటి అంచుని గడ్డం కింద నొక్కిపట్టుకుంది. చేతులు బార్లా చాపి, ఒక్కతే, మడతలు పెట్టింది. అంచులు ఎక్కడా వంకర పోలేదు. ఆయన చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి. ఆమె ఆ మడత వాటిలో పెట్టి కిందికి దిగిపోయింది.